పోయేదాకా కదలడు

హైదరాబాదులో కాపురమున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఒక ఆటోమేషన్ టెస్టర్ చుట్టం ఉండి తీరతాడు. మేనల్లుడో, తోడల్లుడో, కాదంటే పై ఫ్లాటులో అద్దెకుండే కుర్రాడో. మాకెవరూ లేరే అంటారా? మీవాడు "సాఫ్ట్‌వేర్" అని చెప్పి ఊరుకున్నాడు, మీరు నమ్మి ఊరుకున్నారు, అంతే. నా వంతుకు వచ్చినవాడు మా ఆవిడ తమ్ముడు. బావమరిదిని ఆడిపోసుకునే హక్కు మూడు ముళ్ళతోపాటే సంక్రమిస్తుంది కనుక, ఆ జాతి గుణగణాలన్నీ వాడి మీద పెట్టి చెబుతున్నాను. మీవాడితో సరిచూసుకోండి.

లోకులంతా రావలసినదాని కోసం ఎదురుచూస్తారు. బస్సు రావాలి, వాన రావాలి, జీతం రావాలి. మావాడు పోవలసినదాని కోసం ఎదురుచూస్తాడు. అందుకే వాడికి జీతమిస్తున్నారు. ఫోనులో ఏ యాప్ తెరిచినా మధ్యలో ఒక చక్రం గిరగిరా తిరుగుతుంది చూడండి, దాన్ని లోడరంటారు, స్పిన్నరంటారు. మనం విసుక్కుని ఊరుకుంటాం. వాడు రాసిన ప్రోగ్రాం మన బదులు ఆ యాప్‌ను నొక్కి చూస్తుంది. నొక్కే ముందు చక్రం పోయిందో లేదో తేల్చుకోవాలి. తేల్చుకోకుండా నొక్కితే ఆ దెబ్బ కింద ఉన్న బటన్‌కు కాక పైన కూర్చున్న చక్రానికి తగులుతుంది. టెస్టు ఎర్రబడుతుంది, వెంటనే మావాడి మొహమూ ఎర్రబడుతుంది.

"ఇందులో ఏముందిరా, అది పోయాక నొక్కమని రాసెయ్" అన్నాను, తెలుగు పాఠాలు చెప్పుకునేవాడి అమాయకత్వంతో.

"పోయిందని ఎలా తెలుస్తుంది బావా?" అన్నాడు వాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఇవాళ్టిదాకా మా ఇంట్లో నడుస్తూనే ఉంది.

వాడు సెలీనియం నేర్చింది అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందుల్లో. ఆ పనిముట్టును 2004లో థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ అనే ఆయన మొదలుపెట్టాడు. తమ సిబ్బంది పనిగంటలూ ఖర్చులూ రాసుకునే అప్లికేషన్‌ను చేత్తో పదే పదే నొక్కి చూడలేక, బ్రౌజరే తనంతట తాను నొక్కుకునే ఏర్పాటు చేశాడు. ఒక మనిషి విసుగు తీర్చడానికి పుట్టిన ఆ పనిముట్టుతో మావాడు ఇంటిల్లిపాదికీ విసుగు పంచిపెట్టాడు.

కోర్సు మొత్తంలో వాడికి బాగా ఒంటబట్టింది ఒక్క లైను: థ్రెడ్ డాట్ స్లీప్, అయిదు వేలు. అంటే అయిదు వేల మిల్లీసెకన్లు, అనగా అయిదు సెకన్లు, కళ్ళు మూసుకుని పడుకోమని. లేచేసరికి చక్రం పోయి ఉంటుంది. పోకపోతే పది వేలు చెయ్యడమే. ఆ రోజుల్లో వాడి జీవిత సిద్ధాంతమూ అదే. అక్క కోప్పడితే గదిలోకి పోయి పడుకునేవాడు, లేచేసరికి కోపం పోయి ఉంటుందని. మా ఆవిడ కోపం అయిదు సెకన్ల రకం కాదని వాడికి చెప్పవలసింది నేను. చెప్పలేదు. నాకూ ఒక తోడు ఉంటే బాగుండునని ఉంది.

ఈ నిద్ర ఖరీదెంతో ఒకరోజు లెక్క వేయించాను. టెస్టుకు ఆరుచోట్ల అయిదేసి సెకన్లు పడుకుంటే అర నిమిషం. అలాంటి టెస్టులు 600 ఉన్నాయనుకోండి, వెరసి అయిదు గంటలు. చక్రం అర సెకనులో పోయినా సరే, అయిదు సెకన్లూ పడుకోవలసిందే. ఆరు సెకన్లు తిరిగిందా, అంతసేపు పడుకున్నదీ దండగే.

"అందుకే బావా, సాయంత్రం బయల్దేరే ముందు రన్ కొట్టి, పొద్దున వెళ్ళి చూసుకుంటాం."

"రాత్రంతా కంప్యూటర్ పడుకునే ఉంటుందా?"

"పని చేస్తూ పడుకుంటుంది."

మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లోనూ అలాంటివాళ్ళు ఉన్నారు గనుక నేను మరి మాట్లాడలేదు.

తరవాత వాళ్ళ టీములోకి ఒక సీనియర్ మేడమ్ వచ్చింది. వచ్చీ రాగానే ఆ నిద్రలన్నీ పీకించి, కండిషన్ పెట్టి వెయిట్ చెయ్యడం నేర్పింది. పోయేదాకా చూడు, పోగానే కదులు, మరీ పోకపోతే ఫలానా గడువు దాటాక ఫెయిలయ్యానని ఒప్పుకో. ఇదీ ఆవిడ శాసనం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. మావాడు ఆ పూటనుంచి ఇంట్లో ప్రతిదానికీ కండిషన్ పెట్టడం మొదలెట్టాడు.

సెలీనియంలో ఇలాంటి వెయిట్ పెడితే, మనం వేరే చెప్పనంతవరకు, అది అర సెకనుకోసారి తొంగిచూసి "పోయిందా?" అని అడుగుతుందట. మావాడూ వంటింటి గుమ్మంలో నిలబడి అదే వరస. "అక్కా, కుక్కర్లో ఆవిరి పోయిందా? పోయిందా? ఇప్పుడు?" మా ఆవిడ గరిటె ఎత్తితే గానీ గడువు ముగిసేది కాదు. మెట్రోలో మరీ అన్యాయం. రాయదుర్గం వెళ్ళే రైల్లో నిలబడి ఆఫీసు కుర్రాడితో ఫోనులో, "ఇంకా పోలేదా? ముప్ఫై సెకన్లు చూడు. అప్పటికీ పోకపోతే చంపెయ్" అన్నాడు. పక్క సీట్లో పెద్దావిడ లేచి తన సీటు వాడికిచ్చి, పెట్టె ఆ చివరికి వెళ్ళి నిలబడింది. వాడు చంపమన్నది ప్రాసెస్‌నని ఆవిడకు చెప్పడానికి నేను చేసిన ప్రయత్నం పరిస్థితిని మరింత చెడగొట్టింది.

కిరాణా కొట్టులోనూ అంతే. యూపీఐలో డబ్బు కడతాడు. కొట్టువాడి డబ్బా "డబ్బులు అందాయి" అని ఊరంతా వినబడేలా చెబుతుంది. కొట్టువాడు కొత్తిమీర కట్ట కొసరు కూడా వేసేస్తాడు. మావాడు కదలడు. ఫోనులో చక్రం ఇంకా తిరుగుతోంది కదా. వెనక జనం, ముందు కొట్టువాడు, మధ్యలో వీడు.

"అందాయన్నది కదరా!"

"అది వాళ్ళ వైపు బావా. నా వైపు ఇంకా పోలేదు."

ఇంతకన్నా దారుణం, లేదన్న మాటను వాడు నమ్మే పద్ధతి. సెలీనియంలో ఇంప్లిసిట్ వెయిట్ అని ఇంకొకటుంది. దానికి పది సెకన్ల గడువు పెట్టామనుకోండి, వెతికే వస్తువు ఉంటే చప్పున ఉందంటుంది. లేకపోతే మాత్రం పది సెకన్లూ వెతికి, అప్పుడు లేదంటుంది. ఉందనడం చవక, లేదనడం ఖరీదు. మా ఫ్రిజ్ దగ్గర ఇది కళ్ళారా చూడవచ్చు. "పెరుగు లేదురా" అని అక్క చెప్పినా, తలుపు తెరుచుకుని పది సెకన్లు నిండేదాకా లోపలికి చూస్తూ నిలబడతాడు. ఆ చల్లదనమంతా బయటికి పోతుంది. అది పోవడం మాత్రం వాడికి పట్టదు. ఈ ఇంప్లిసిట్‌నీ ఆ కండిషన్‌నీ కలిపి వాడవద్దని సెలీనియం వాళ్ళే తమ పత్రాల్లో హెచ్చరించారు. ఇది పది సెకన్లు, అది పదిహేను సెకన్లు పెడితే, గడువు ఇరవై సెకన్లకు ముగిసినా ముగియవచ్చునట. ఈ లెక్క చూశాక నాకు మా కాలేజీ అరియర్స్ లెక్క కూడా తేలికనిపించింది.

ఇక పోవడంలో రకాలు. మనకు పోవడమంటే పోవడమే. వాడికి కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. పేజీ నిర్మాణంలోంచే తీసేస్తే లేనట్టు. లోపల ఉంచి దాచిపెడితే ఉన్నా కనబడనట్టు. పూర్తిగా పారదర్శకం చేసి వదిలేస్తే అక్కడ శాఖాభేదాలున్నాయి. సెలీనియం అలాంటిదాన్ని కనబడనట్టే లెక్కిస్తుంది. 2020లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ప్లేరైట్ అనే పనిముట్టు మాత్రం దాన్ని కనబడుతున్నట్టే లెక్కిస్తుంది. ఉన్నదీ లేనిదీ తేల్చడానికి మనవాళ్ళు ఉపనిషత్తులకు భాష్యాలు రాశారు. మావాడు బగ్ రిపోర్టులు రాస్తాడు.

ఈ పాండిత్యాన్ని చుట్టాల మీద ప్రయోగించడంతో ఇంట్లో పరువు పోయింది. "చుట్టాలు వెళ్ళారా అక్కా?" అంటాడు. "వెళ్ళారు" అంటుంది. "వెళ్ళారా, కనబడటం లేదా?" అని మళ్ళీ అడిగి, మంచం కిందికి వంగి సూట్‌కేసు ఉందేమో చూస్తాడు. సూట్‌కేసు ఉంటే వాళ్ళు దాగున్నట్టే గానీ లేనట్టు కాదు. ఒకసారి అలా వంగి ఉండగా ఆ సూట్‌కేసు స్వంతదారు బాత్రూంలోంచి బయటికి వచ్చారు. వాడి సిద్ధాంతం రుజువైంది. మాకు ఆ చుట్టరికం పోయింది. ఈసారి అసలైన పోవడమే.

ఆ రోజుల్లో వాడు పెళ్ళి మాటంటే పారిపోయేవాడు. ఒక ఆదివారం తెనాలినుంచి పెద్దమ్మా పెద్దనాన్నా సంబంధం పట్టుకుని వస్తున్నారని తెలిసి, తెల్లవారకుండానే కూకట్‌పల్లిలో మా వీధి చివరి చాయ్ బండి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. కాసేపటికి ఫోను.

"బావా, హాల్లో పెద్దమ్మ ఉందా?"

"లేదు."

"పెద్దనాన్న?"

"లేడు."

"హమ్మయ్య, పోయారన్నమాట!"

ఫోను పెట్టేశాడు. వాళ్ళెక్కిన రైలు ఇంకా సికింద్రాబాదు చేరలేదని చెప్పే వ్యవధి ఇవ్వలేదు. వాడు ఇంటికొచ్చి, టిఫిను చేసి, కాలు మీద కాలు వేసుకుని కూర్చోగానే లిఫ్టు తలుపు తెరుచుకుంది.

సరిగ్గా ఇదే గొయ్యిలో వాడి టెస్టులు కూడా పడుతుంటాయట. చక్రం ఇంకా రాకముందే "పోయిందా?" అని అడిగితే, లేదు కాబట్టి పోయినట్టే అన్న జవాబు తక్షణం వస్తుంది. ప్రోగ్రాం సంతోషంగా బటన్ మీదికి చెయ్యి చాస్తుంది. అప్పుడు వచ్చి మీద కూర్చుంటుంది చక్రం.

దెబ్బ తిన్నవాడు తెలివి తెచ్చుకున్నాడు. "ముందు వచ్చిందని తేల్చుకోవాలి బావా, ఆ తరవాతే పోయిందా అని చూడాలి" అన్నాడు. మరోసారి పెద్దమ్మావాళ్ళు ఫొటోతో వస్తున్నారని తెలిసి మళ్ళీ బండి దగ్గర మకాం పెట్టాడు. గంటకోసారి ఫోను చేసి "హాల్లో ఉన్నారా?" అని అడిగాడు. పాపం ఆ పెద్దవాళ్ళు రెండు ఫోన్ల మధ్యలో వచ్చి, కాఫీ తాగి, ఫొటో టీవీ పక్కన పెట్టి, ఉప్పల్‌లో ఎవరినో చూడాలని వెళ్ళిపోయారు. "ఉన్నారా?" అన్నప్పుడల్లా నేను "లేరు" అనే చెప్పాను. అబద్ధమా? అడిగినదానికే కదా జవాబు చెప్పాలి. ప్రశ్న సరిగ్గా వెయ్యడం నేర్చుకోవలసింది టెస్టర్, బావ కాదు. రాత్రి బండివాడు స్టవ్ ఆర్పేదాకా వాడు అక్కడే ఉన్నాడు. రెండు చూపుల మధ్యలో వచ్చిపోయిన చక్రం కోసం గడువంతా కాచుకుని ఫెయిలయ్యే టెస్టులూ ఉంటాయని మర్నాడు వాడే ఒప్పుకున్నాడు.

చివరకు ఆ మేడమే విడమరిచి చెప్పిందట. "నీకు కావలసింది చక్రం పోవడమా, దాని వెనకాల జాబితా రావడమా? జాబితా కోసమే చూడు. చక్రం సంగతి చక్రమే చూసుకుంటుంది." ఇంటికొచ్చి ఈ మాట చెబుతుంటే వాడి గొంతులో గీతోపదేశం విన్నవాడి వణుకు. మరి అన్నాళ్ళు చక్రం వెంట ఎందుకు తిరిగావురా అంటే జవాబు లేదు. అయితే అన్నిచోట్లా ఈ ఉపదేశం పనికిరాదనీ, ఒక వస్తువును తొలగించడాన్నే పరీక్షించేటప్పుడు పోయిందా అనే అడగాలనీ, తన చదువు దండగ కాలేదన్నట్టు చివర్లో తగిలించాడు.

లోకానికి కూడా పోయేవాటి మీద శ్రద్ధ ఆలస్యంగానే కలిగిందని వాడి అభియోగం. ఆపిల్ వాళ్ళ టెస్టింగ్ సామగ్రిలో, ఒక వస్తువు వచ్చేదాకా ఆగే ఏర్పాటు 2017లో ఎక్స్‌కోడ్ 9తో వచ్చింది. పోయేదాకా ఆగే ఏర్పాటు సొంతంగా రావడానికి 2024లో ఎక్స్‌కోడ్ 16 దాకా ఆగవలసి వచ్చింది. అందాకా ఎవరి తిప్పలు వాళ్ళవే. ఆండ్రాయిడ్ వైపు యూఐ ఆటోమేటర్‌లో ఈ సౌకర్యం మొదటినుంచీ ఉంది. ఐఫోను ఎందుకు కొనవురా అంటే జీతం సంగతి ఎత్తకుండా ఈ చరిత్ర చెబుతాడు.

పోనివాటితో ఒక బాధ, తొందరగా పోయేవాటితో ఇంకో బాధ. ఆండ్రాయిడ్ ఫోనులో కింద "సేవ్ అయింది" అని ఒక చిన్న పట్టీ మెరిసి పోతుంది. దాన్ని టోస్ట్ అంటారు. పొట్టిదైతే 2 సెకన్లు, పొడుగుదైతే మూడున్నర సెకన్లు. అది వచ్చిందని పట్టుకునే లోపలే పోతుంది. ఒక్కోసారి పోవలసినప్పుడు పోక బటన్‌ను కప్పి కూర్చుంటుంది. ఉన్నప్పుడు వద్దంటాడు, పోయాక కావాలంటాడు.

ఫోను కనబడితే చాలు, డెవలపర్ ఆప్షన్స్‌లోకి దూరి మూడు యానిమేషన్ స్కేళ్ళనూ ఆపేస్తాడు. టెస్టు ఫోన్లలో అలా చెయ్యమని గూగుల్ వాళ్ళ ఎస్ప్రెసో అనే టెస్టింగ్ పనిముట్టు పత్రాల్లోనే ఉంది, మంచిదే. కానీ మా అత్తగారి ఫోను టెస్టు ఫోను కాదు. ఆవిడ మర్నాడు నన్ను పిలిచి, "అల్లుడుగారూ, ఫోనులో బొమ్మలు ఇదివరకు మెల్లగా జరిగి వెళ్ళేవి, ఇప్పుడు చటుక్కున మాయమవుతున్నాయి, దీనికేమైనా దృష్టి తగిలిందంటారా?" అని అడిగారు. తగిలిందన్నాను. ఎవరి దృష్టో చెప్పలేదు.

ఇంత చెప్పాక వాడి పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్నం పెట్టే అక్క ఊరుకోదు. ఈ రంగంలో ఒకసారి పాసై, మరోసారి ఏ మార్పూ లేకుండానే ఫెయిలయ్యే టెస్టులను ఫ్లేకీ అంటారు. గూగుల్ అంతటి చోటే, 2016లో వాళ్ళు చెప్పుకున్న లెక్క ప్రకారం, టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఏదో ఒక మేరకు ఈ జబ్బు ఉంది. చాలామంది "ఇంకోసారి రన్ కొట్టు" అని తప్పుకుంటారు. వాడు తప్పుకోడు. ఒక రాత్రి, పది రన్నుల్లో ఒకసారి మాత్రమే ఫెయిలవుతున్న ఒక చెల్లింపు టెస్టు ముందు కూర్చున్నాడు. "వదిలెయ్యరా, టెస్టులోనే తప్పుంటుంది" అని నేను కూడా సలహా ఇచ్చాను. తెల్లారేసరికి తేల్చాడు. తప్పు టెస్టులో లేదు, యాప్‌లో ఉంది. డబ్బు ఇంకా కదులుతుండగానే చక్రం పోతోంది, బటన్ ఒక క్షణంపాటు మళ్ళీ బతుకుతోంది. ఆ క్షణంలో ఎవరైనా ఇంకోసారి నొక్కితే డబ్బు రెండుసార్లు పోతుంది. చక్రం పోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదని పట్టుబట్టినవాడు దొరక్కపోతే, ఆ రెండో డబ్బు ఏ పెన్షనుదారుడిదో అయ్యేది. ఆ రోజు వాడు ఫ్రిజ్ తలుపు పది సెకన్లు తెరుచుకుని నిలబడినా నేనేమీ అనలేదు.

పెళ్ళి కూడా అయింది లెండి. టీవీ పక్కన పెట్టిన ఆ ఫొటోలోని అమ్మాయే. ఫ్రంట్ ఎండ్ డెవలపరట, అంటే ఆ చక్రాలు తిప్పే వర్గం. పెళ్ళిచూపుల్లో మావాడు కాఫీ చల్లారబెట్టుకుని, గొంతు సవరించుకుని అడిగిన మొదటి ప్రశ్న:

"మీరు లోడర్లకు ఐడీ పెడతారా అండీ?"

మా ఆవిడ తలపట్టుకుంది. అమ్మాయి తొణకలేదు.

"పెడతానండీ. డేటా వచ్చాక దానికీ వేరే ఐడీ పెడతాను."

మావాడు పెద్దమ్మ వైపు తిరిగి సరేనని తలూపాడు. అంత పెద్ద నిర్ణయాన్ని గడువు లోపల తీసుకోవడం వాడి చరిత్రలో అదే మొదలు. ఇప్పుడు ఇద్దరూ నిజాంపేటలో వేరే కాపురం. కుక్కర్లో ఆవిరి పోయిందా అని అక్కడెవరో అడిగించుకుంటున్నారు. "అన్నయ్యగారూ, వారం రోజులు మీ దగ్గర ఉంచుకోరూ?" అని ఆ అమ్మాయి మొన్న ఫోను చేసింది.

అందుచేత డెవలపర్లయిన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఇంటి పెద్దగా నా విన్నపం. మీరు తిప్పే ప్రతి చక్రానికీ ఒక ఐడీ పెట్టండి. దాన్ని తీసేస్తే పూర్తిగా తీసెయ్యండి, పారదర్శకం చేసి వదిలెయ్యకండి. పని నిజంగా అయ్యాక అయిందని తెలిసేలా తెర మీద ఒక గుర్తు ఉంచండి. మీకు అయిదు నిమిషాల పని. మీ టెస్టర్ వేళకు ఇంటికి పోతాడు.